రేటింగులూ జెడ్-స్కోర్లూ: పాఠకుల సందేహాలకు జవాబులు

సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) గురించి ఈ శీర్షికలో ఇచ్చిన పాఠాల తరవాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడుగుతున్నాయి. సర్వేలో జనం ఇచ్చిన రేటింగులను జెడ్-స్కోర్లుగా ఎలా మార్చాలి, మార్చాక వచ్చిన అంకెను ఏమని చదవాలి అన్నదే ఆ విషయం. సూత్రం అందరికీ తెలిసినదే: రేటింగు నుంచి సగటును తీసివేసి, ఆ తేడాను ప్రామాణిక విచలనంతో భాగించాలి. చిక్కంతా ఆ తరవాతే మొదలవుతోంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కుదించి ఇక్కడ ఇస్తున్నాం. పంపినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయంపై చేసిన సర్వేలో పదిమంది ఇచ్చిన రేటింగులు ఇవి: 4, 5, 3, 4, 2, 4, 5, 1, 4, 3. ‘1’ ఇచ్చిన విద్యార్థి జెడ్-స్కోరు నాకు −1.97 వచ్చింది, నా స్నేహితురాలికి −2.08 వచ్చింది. ఇద్దరమూ ఎక్సెల్‌లోనే చేశాం. జెడ్-స్కోరు 2 దాటితే ఆ వ్యక్తిని అవుట్‌లయర్‌గా, అంటే మిగిలినవారికి మరీ దూరంగా ఉన్నవారిగా భావించి తీసేయాలని మాకు చెప్పారు. ఆమె లెక్క ప్రకారం అతన్ని తీసేయాలి, నా లెక్క ప్రకారం ఉంచాలి. ఎవరి లెక్క సరైనది?
— బీఎస్సీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: ఇద్దరి లెక్కా సరైనదే, మీరు వాడిన భాజకాలే వేరు. పది రేటింగుల మొత్తం 35, కాబట్టి సగటు 3.5. ప్రతి రేటింగు నుంచీ 3.5 తీసివేస్తే ‘4’ ఇచ్చిన నలుగురికీ 0.5, ‘5’ ఇచ్చిన ఇద్దరికీ 1.5, ‘3’ ఇచ్చిన ఇద్దరికీ −0.5, ‘2’ ఇచ్చిన ఒకరికి −1.5, ‘1’ ఇచ్చిన ఒకరికి −2.5 వస్తాయి. ఈ తేడాల వర్గాలన్నీ కూడితే 14.5 అవుతుంది. ఇక్కడి దాకా మీ ఇద్దరి కాగితాలూ ఒకేలా ఉండి ఉంటాయి. ఆ 14.5ను మీరు 9తో భాగించారు, మీ స్నేహితురాలు 10తో భాగించారు. 9తో భాగిస్తే 1.611 వస్తుంది, దాని వర్గమూలం 1.269. 10తో భాగిస్తే 1.45 వస్తుంది, దాని వర్గమూలం 1.204. −2.5ను మొదటి దానితో భాగిస్తే −1.97, రెండో దానితో భాగిస్తే −2.08. ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ.ఎస్ అనే సూత్రం ‘ఒకటి తక్కువ’ లెక్క చేస్తుంది, ఎస్‌టీడీఈవీ.పీ అనే సూత్రం మొత్తం సంఖ్యతోనే భాగిస్తుంది. చివరి అక్షరం ఒక్కటే తేడా కావడంతో తొందరలో ఏది ఎంచుకున్నామో చాలామంది గమనించరు.

ఆ పదిమంది మీ కళాశాల విద్యార్థులందరికీ ప్రతినిధులుగా ఎంపికైన శాంపిల్ అయితే 9తో భాగించడం సంప్రదాయం, ఎందుకంటే శాంపిల్ సగటు చుట్టూ కొలిచిన చెదురు మొత్తం విద్యార్థుల అసలు చెదురు కన్నా కొంత తక్కువగా కనిపిస్తుంది, ఆ తక్కువను సరిచేయడానికే భాజకంలో ఒకటి తగ్గిస్తారు. మీకు కావలసింది ఆ పదిమంది గురించే అయితే 10తో భాగించవచ్చు. జెడ్-స్కోర్ల వరకూ ఈ ఎంపిక పెద్ద విషయం కాదు: వరుసక్రమం మారదు, ప్రతి స్కోరూ ఒకే నిష్పత్తిలో, పదిమంది ఉన్నప్పుడు సుమారు 5 శాతం, వందమంది ఉన్నప్పుడు అర శాతం మాత్రమే మారుతుంది. ఏది వాడారో రిపోర్టులో ఒక వాక్యంలో రాసి, చివరిదాకా అదే వాడండి.

లెక్క సరిచూసుకోవడానికి పదిమంది జెడ్-స్కోర్లనూ కూడండి. మీ పద్ధతిలో ‘5’కు 1.18, ‘4’కు 0.39, ‘3’కు −0.39, ‘2’కు −1.18, ‘1’కు −1.97. రెండు దశాంశాలకు కుదించినందువల్ల మొత్తం −0.01 వస్తుంది, కుదించకపోతే సరిగ్గా సున్నా వస్తుంది. 0.5 లాంటి మొత్తం వస్తే మాత్రం ఎక్కడో ఒక గుర్తు తారుమారైందని అర్థం.

ఇక అవుట్‌లయర్ సంగతి. ఇది భాజకం గొడవ కన్నా ముఖ్యమైనది. 1 నుంచి 5 దాకా ఉన్న స్కేలు మీద ‘1’ అనేది మీరే అనుమతించిన జవాబు. గ్రంథాలయం బాగాలేదని చెప్పిన ఒక్క విద్యార్థిని జెడ్-స్కోరు 2 దాటిందన్న సాకుతో తీసేస్తే మీ సర్వే మెచ్చుకున్నవారి సర్వేగా మిగులుతుంది. 4కు బదులు 44 అని టైపు చేసి ఉంటే, లేదా అన్ని ప్రశ్నలకూ కళ్లు మూసుకుని ఒకే గడిలో టిక్కు పెట్టి ఉంటే అప్పుడు ఆ ఫారం తీసి చూడాలి, అక్కడ కూడా నిర్ణయం ఫారాన్ని బట్టే గానీ జెడ్-స్కోరును బట్టి కాదు. కొన్ని పుస్తకాలు 2కు బదులు 3ను హద్దుగా చెబుతాయి. పదిమంది ఉన్న సర్వేలో ఆ హద్దును దాటడం అసాధ్యమని మీ మాస్టారికి చూపించవచ్చు: తొమ్మిదిమంది 5 ఇచ్చి ఒక్కరు 1 ఇచ్చినా, 9తో భాగించే పద్ధతిలో ఆ ఒక్కరి జెడ్-స్కోరు −2.85 మాత్రమే. n మంది ఉన్నప్పుడు ఈ పద్ధతిలో జెడ్-స్కోరు గరిష్ఠంగా n−1ని n వర్గమూలంతో భాగించినంతే ఉండగలదు. అది 3 దాటాలంటే కనీసం 11 మంది కావాలి.

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ నిర్వహించిన శిక్షణ శిబిరంలో భోజనం, వసతులకు 1–5 స్కేలు మీద, శిక్షణకు 1–10 స్కేలు మీద రేటింగులు తీసుకున్నాం. స్కేళ్లు వేరు కనుక అన్నిటినీ జెడ్-స్కోర్లుగా మార్చి, ఏది ఎక్కువ నచ్చిందో చూద్దామని ఒక్కొక్కదానికీ సగటు తీశాను. భోజనానికి 0, వసతులకు 0, శిక్షణకు ‘1.11ఈ-16’ అని వచ్చింది. శిక్షణే ఎక్కువ నచ్చినట్లా, లేక ఎక్సెల్ పాడైందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎక్సెల్ బాగానే ఉంది. ‘1.11ఈ-16’ అంటే దశాంశ బిందువు తరవాత పదిహేను సున్నాలు పెట్టి ఆ తరవాత 111 రాసినంత చిన్న సంఖ్య, కంప్యూటరు అంకెలను కుదించి దాచుకోవడంలో మిగిలిన దుమ్ము. దాన్ని సున్నాగానే చదవాలి. ఏ ప్రశ్నకు వచ్చిన రేటింగులనైనా వాటి సొంత సగటు నుంచే కొలిచినప్పుడు ఆ జెడ్-స్కోర్ల సగటు సున్నా కాక మరొకటి కాలేదు. భోజనం అద్భుతంగా ఉన్నా సున్నాయే, నోట పెట్టుకోలేనట్లు ఉన్నా సున్నాయే. ‘ఏది ఎక్కువ నచ్చింది’ అన్న ప్రశ్నకు కావలసిన సమాచారమంతా సగటులోనే ఉంది, మీరు మొదటి అడుగులోనే దాన్ని తీసేశారు.

మీ పనికి రెండు తేలిక మార్గాలున్నాయి. రెండు స్కేళ్లనూ 0–100కు మార్చండి: 1–5 స్కేలు మీద రేటింగు నుంచి 1 తీసి 4తో భాగించి 100తో గుణించాలి, 1–10 స్కేలు మీద 1 తీసి 9తో భాగించి 100తో గుణించాలి. అప్పుడు 5లో 4 అంటే 75 అవుతుంది, 10లో 7 అంటే 66.7 అవుతుంది. రెండో మార్గం ఇంకా సాదాది: బాగుంది, చాలా బాగుంది అన్న అర్థం వచ్చే గడుల్లో ఎంత శాతం మంది టిక్కు పెట్టారో లెక్కపెట్టడం. సంస్థ సమావేశంలో చెప్పడానికి నాకు ఇదే మేలనిపిస్తుంది, ఎందుకంటే వినేవారికి ప్రామాణిక విచలనం తెలియనక్కరలేదు.

మరి జెడ్-స్కోరు దేనికి? ఒక వ్యక్తి గురించి అడిగినప్పుడు. మీ శిబిరంలో ఒకరు భోజనానికి 4, శిక్షణకు 7 ఇచ్చారనుకుందాం. భోజనం సగటు 3.2, ప్రామాణిక విచలనం 0.8, శిక్షణ సగటు 8.2, ప్రామాణిక విచలనం 1.2 అనుకుంటే, ఆయన జెడ్-స్కోర్లు భోజనం విషయంలో +1, శిక్షణ విషయంలో −1. తోటివారితో పోలిస్తే భోజనం ఆయనకు ఎక్కువ నచ్చింది, శిక్షణ తక్కువ నచ్చింది. ‘7 అనేది 4 కన్నా పెద్దది కదా’ అన్న పైచూపుకు ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ −1 అంటే శిక్షణ ఆయనకు నచ్చలేదని అర్థం కాదని కూడా గమనించండి. 10కి 7 ఇచ్చిన మనిషి మెచ్చుకున్నట్లే, మిగిలినవారు మరింత మెచ్చుకున్నారంతే. రుణ గుర్తును అసంతృప్తిగా చదవడం ఈ ఉత్తరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడిన పొరపాటు.

జెడ్-స్కోర్లు పనికొచ్చే మరో చోటు, మూడు ప్రశ్నలనూ కలిపి ప్రతి వ్యక్తికీ ఒకే ‘సంతృప్తి సూచిక’ తయారుచేయడం. రేటింగులను ఉన్నవున్నట్లు కూడితే ఏ ప్రశ్నలో చెదురు ఎక్కువగా ఉందో ఆ ప్రశ్నదే పెత్తనం అవుతుంది, 1–10 స్కేలు మీద సాధారణంగా చెదురు ఎక్కువ కనుక శిక్షణే మిగిలిన రెండింటినీ మింగేస్తుంది. జెడ్-స్కోర్లను కూడితే మూడింటికీ ఒకే బరువు వస్తుంది. అయితే భోజనం, వసతులు దాదాపు కలిసే పెరిగి కలిసే తగ్గుతుంటే ఒకే ఫిర్యాదును రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. అటువంటి పరస్పర సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఒక వ్యక్తి సమూహం మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నాడో ఒకే అంకెలో చెప్పే కొలతను 1936లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఇచ్చారు. డిగ్రీ మొదటి పాఠాలకు అది అవసరం లేదు గానీ, జెడ్-స్కోరు తరవాతి మెట్టు అదేనని తెలిసి ఉండడం మంచిది.

ప్రశ్న: సిటీ బస్సులపై ప్రశ్నావళిలో ‘బస్సు వేళకు వస్తుంది’, ‘బస్సుల్లో రద్దీ భరించలేనంతగా ఉంటుంది’ అనే రెండు వాక్యాలకూ 1–5 స్కేలు మీద అంగీకారం అడిగాం. రెండింటి జెడ్-స్కోర్లనూ కూడవచ్చా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: అలాగే కూడితే ఒకటి మరొకదాన్ని కొట్టేస్తుంది. రెండో వాక్యంలో 5 అంటే ఫిర్యాదు. ముందుగా 6 నుంచి ఆ రేటింగును తీసివేసి దిశ మార్చండి, అప్పుడు 5 కాస్తా 1, 4 కాస్తా 2 అవుతాయి, 3 మారదు. జెడ్-స్కోర్లు ఇప్పటికే లెక్కించి ఉంటే మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు, గుర్తు తిప్పితే చాలు, ఫలితం ఒకటే.

ప్రశ్న: మా కళాశాలలో విద్యార్థులు అధ్యాపకులకు రేటింగులు ఇస్తారు. కొందరు అందరికీ 5 ఇస్తారు, కొందరు ఎంత బాగా చెప్పినా 3 దాటరు. ఈ తేడా పోవడానికి ప్రతి విద్యార్థి రేటింగులనూ అతని సొంత సగటు, సొంత ప్రామాణిక విచలనంతో జెడ్-స్కోర్లుగా మార్చమని ఒక సహోద్యోగి సూచించారు. ఇది న్యాయమేనా?
— ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: ఆలోచన మంచిదే, అమలులో ప్రమాదం ఉంది. ఇద్దరు విద్యార్థులు నలుగురు అధ్యాపకులకు వరసగా రేటింగులు ఇచ్చారనుకోండి. మొదటి విద్యార్థి 5, 5, 4, 5 ఇచ్చాడు. రెండో విద్యార్థి 3, 2, 1, 2 ఇచ్చాడు. మొదటి వారి సగటు 4.75, ప్రామాణిక విచలనం, 4తో భాగించే పద్ధతిలో, 0.433. రెండో వారి సగటు 2, ప్రామాణిక విచలనం 0.707. మూడో అధ్యాపకుడి జెడ్-స్కోరు మొదటి విద్యార్థి లెక్కలో −1.73, రెండో విద్యార్థి లెక్కలో −1.41. అంటే ఉదారుడైన విద్యార్థి ఇచ్చిన ‘4’, కఠినుడైన విద్యార్థి ఇచ్చిన ‘1’ కన్నా పెద్ద నిందగా మారింది! ఆ మొదటి విద్యార్థి బహుశా ఒకరోజు తరగతి ఆలస్యంగా మొదలైందని ఒక్క మార్కు తగ్గించి ఉంటాడు. నాలుగే రేటింగులతో లెక్కించిన ప్రామాణిక విచలనం మీద ఇంత భారం మోపకూడదు.

అందరికీ 5 ఇచ్చిన విద్యార్థి దగ్గర లెక్క పూర్తిగా ఆగిపోతుంది. అతని ప్రామాణిక విచలనం సున్నా, సున్నాతో భాగించలేం, ఎక్సెల్ ఆ గడిలో దోషం చూపిస్తుంది. చాలామంది ఆ గడులను ఖాళీ చేసి ముందుకు సాగిపోతారు, అంటే అందరినీ సమానంగా మెచ్చుకున్న విద్యార్థి మాట చెత్తబుట్టలో పడుతుంది. నా సలహా: ప్రతి విద్యార్థి రేటింగు నుంచీ అతని సగటును తీసివేసి అక్కడితో ఆపండి, భాగించవద్దు. అప్పుడు మూడో అధ్యాపకుడికి మొదటి విద్యార్థి దగ్గర −0.75, రెండో విద్యార్థి దగ్గర −1 వస్తాయి. కఠినుడు, ఉదారుడు అన్న తేడా పోతుంది, చిన్న తేడాలు భూతద్దంలో కనపడవు, అందరికీ 5 ఇచ్చినవారికి నిక్షేపంగా సున్నా వస్తుంది.

ఇంకొక షరతు ఉంది. ఈ సవరణ ఏదైనా సరే, విద్యార్థులందరూ అదే నలుగురు అధ్యాపకులకు రేటింగులు ఇచ్చినప్పుడే చెల్లుతుంది. ఒక గ్రూపు విద్యార్థులకు నిజంగానే నలుగురూ మంచి అధ్యాపకులు దొరికి, మరో గ్రూపుకు దొరకకపోతే, సొంత సగటు తీసివేయడం వల్ల ఆ నిజమైన తేడా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలో వినియోగదారుల రేటింగులు చూస్తుంటాను. రేటింగును జెడ్-స్కోరుగా మార్చి, పుస్తకం వెనక ఉన్న నార్మల్ పట్టికలో (గంట ఆకారపు నార్మల్ వక్రంలో ఏ జెడ్-స్కోరుకు కింద ఎంత శాతం ఉంటారో చెప్పేది) చూసి ‘ఈ వినియోగదారు ఇంత శాతం మంది కన్నా సంతృప్తిగా ఉన్నారు’ అని రాస్తున్నాను. సరేనా?
— ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: రేటింగుల విషయంలో సాధారణంగా సరి కాదు. మీ రంగంలో తరచు కనిపించే ఆకారంలోనే ఒక ఉదాహరణ తీసుకుందాం. వందమందిలో 72 మంది 5, 20 మంది 4, ఐదుగురు 3, ఇద్దరు 2, ఒకరు 1 ఇచ్చారు. సగటు 4.60, ప్రామాణిక విచలనం, 100తో భాగిస్తే, 0.76. ‘5’ ఇచ్చినవారి జెడ్-స్కోరు 0.53. పట్టిక చూస్తే వారి కన్నా కింద సుమారు 70 శాతం మంది ఉన్నారని చెబుతుంది. ఫారాలు లెక్కపెడితే కింద ఉన్నవారు 28 మందే, మిగిలిన 72 మందీ ఒకే మెట్టు మీద పక్కపక్కన నిలబడి ఉన్నారు. పట్టిక చెప్పినది వాస్తవానికి దాదాపు తలకిందులు.

జెడ్-స్కోరుగా మార్చగానే అంకెలు నార్మల్ వక్రంలోకి వచ్చి కూర్చుంటాయన్న నమ్మకం విద్యార్థుల్లోనే కాదు, ఉద్యోగుల్లో కూడా ఉంది. తీసివేత, భాగహారం అనే రెండు పనులూ స్కేలు మీది గుర్తులను మార్చగలవు గానీ గుట్ట ఆకారాన్ని మార్చలేవు. కుడివైపు గోడకు ఆనుకుని ఉన్న రేటింగులు మార్చాక కూడా గోడకే ఆనుకుని ఉంటాయి. పై ఉదాహరణలో ఎంత సంతోషించిన వినియోగదారుకైనా 0.53 మించి రాదు, ఎందుకంటే 5కు పైన గడి లేదు. అదే ‘1’ ఇచ్చినవారి జెడ్-స్కోరు −4.73. నార్మల్ పట్టిక ప్రకారం అటువంటి మనిషి లక్షల్లో ఒకరు కూడా ఉండకూడదు, మీ దగ్గర మాత్రం వందలో ఒకరు ఉన్నారు. శాతాలు కావాలంటే పట్టిక జోలికి వెళ్లకుండా ఏ గడిలో ఎందరున్నారో లెక్కపెట్టి రాయండి. ఐదు గడులే కదా, పెద్ద పని కాదు.

పరీక్ష మార్కుల విషయంలో పట్టిక బాగానే పనిచేస్తుందని మీరు అనవచ్చు. వేలమంది రాసిన, మరీ తేలికా మరీ కష్టమూ కాని పరీక్షలో మొత్తం మార్కులు అనేక చిన్న ప్రశ్నల కూడిక కనుక వక్రం నార్మల్‌కు దగ్గరగా రావచ్చు. ఒక్క ప్రశ్నకు ఐదు గడుల్లో టిక్కు పెట్టించిన రేటింగుకు ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న: 1, 2, 3, 4, 5 అనేవి క్రమాన్ని మాత్రమే చెప్పే గుర్తులు. ‘బాగాలేదు’కూ ‘పరవాలేదు’కూ మధ్య దూరం, ‘పరవాలేదు’కూ ‘బాగుంది’కీ మధ్య దూరంతో సమానమని ఎవరు చెప్పారు? అసలు సగటే తీయకూడదు కదా, జెడ్-స్కోరు సంగతి ఎందుకు?
— విశ్రాంత ఉపన్యాసకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అభ్యంతరానికి పాత చరిత్రే ఉంది. 1946లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్స్ కొలతలను నామమాత్ర, క్రమ, అంతర, నిష్పత్తి అని నాలుగు రకాలుగా విడదీసి, క్రమం మాత్రమే చెప్పే కొలతలకు సగటు, ప్రామాణిక విచలనం కచ్చితంగా చూస్తే తగవన్నారు. ఈ రకం రేటింగులకు తన పేరు ఇచ్చిన రెన్సిస్ లైకర్ట్ అంతకు ముందే, 1932లో, ఈ ఇబ్బందిని ఎదుర్కొన్నాడు. ఏ గడిలో ఎంతమంది టిక్కు పెట్టారో చూసి, నార్మల్ వక్రం ఆధారంగా ప్రతి గడికీ ఒక విలువ ఇచ్చే పద్ధతిని ఆయన మొదట వాడాడు. ఒక రకంగా అవి గడులకు ఇచ్చిన జెడ్-స్కోర్లే. తరవాత తిన్నగా 1, 2, 3, 4, 5 ఇచ్చి చూస్తే వ్యక్తుల మొత్తం స్కోర్లు దాదాపు అలాగే వచ్చాయి కనుక తేలిక పద్ధతినే సిఫార్సు చేశాడు. ఇక్కడ మరిచిపోకూడని విషయం, ఆయన అనేక వాక్యాలకు వచ్చిన జవాబులను కూడి ఒక స్కోరు చేశాడు. ఒక్కటంటే ఒక్క ప్రశ్నకు వచ్చిన రేటింగు మీద కాదు.

కాబట్టి పది పదిహేను వాక్యాల మొత్తం మీద జెడ్-స్కోరు తీస్తే నాకు అభ్యంతరం లేదు. ఒక్క ప్రశ్న మీద తీసినప్పుడు మీ హెచ్చరిక వర్తిస్తుంది. అటువంటి చోట మధ్యగతం (రేటింగులను వరసలో పెడితే నడిమధ్యన వచ్చేది), ఒక్కో గడిలోని శాతాలు ముందు ఇచ్చి, జెడ్-స్కోరును అభ్యాసంగా మాత్రమే చూపడం పద్ధతి. పాఠ్యప్రణాళికలో ఉంది కనుక విద్యార్థులు లెక్క నేర్చుకోక తప్పదు, నేర్చుకోవడానికి ఐదు గడుల రేటింగు కన్నా తేలిక ఉదాహరణ దొరకడం కూడా కష్టమే.

ప్రశ్న: ఒకరి రేటింగుకు జెడ్-స్కోరు, సగటు మీద చేసే జెడ్ పరీక్ష ఒకటేనా?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: కాదు, భాజకం వేరు. వందమంది ఇచ్చిన రేటింగుల సగటు 3.7, ప్రామాణిక విచలనం 1.2 అనుకుంటే, ‘4’ ఇచ్చిన ఒకరి జెడ్-స్కోరు 0.3ను 1.2తో భాగించగా వచ్చే 0.25. అసలు సగటు 3.5 అన్న ప్రతిపాదనను పరీక్షించాలంటే 0.2ను 1.2తో కాక, 1.2ను 100 వర్గమూలంతో భాగించగా వచ్చిన 0.12తో భాగించాలి. అప్పుడు 1.67 వస్తుంది, 5 శాతం స్థాయిలో రెండు వైపుల పరీక్షకు కావలసిన 1.96కు అది చాలదు. సగటు చుట్టూ మనుషులు చెదిరినంతగా సగటు తాను చెదరదు, అందుకే చిన్న భాజకం. పరీక్షలో ప్రశ్న చదివేటప్పుడు అడుగుతున్నది ఒక మనిషి గురించా, సగటు గురించా అని ముందు చూసుకోండి.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల ఎదుగుదల చార్టులో −2, −3 అని ఉండే జెడ్-స్కోర్లు, మా అమ్మాయి డిగ్రీ పుస్తకంలో ఉన్న జెడ్-స్కోర్లు ఒకటేనా? మా కేంద్రంలో పిల్లల సగటు సున్నా రావడం లేదు, చాలా కిందకు ఉంది.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మూలసూత్రం ఒకటే, కానీ సగటు మీ కేంద్రంలోని పిల్లలది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల నుంచి అది వచ్చింది. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగుతూ మంచి పరిస్థితుల్లో పెరుగుతున్న పిల్లలను కొలిచి వాటిని తయారుచేశారు. బరువుల విభాజనం ఒక పక్కకు సాగి ఉంటుంది కనుక లెక్కను కొంత సవరించి చేస్తారు, అంతే తేడా. వయసుకు తగ్గ బరువులో −2 కన్నా కిందకు ఉంటే తక్కువ బరువు, −3 కన్నా కిందకు ఉంటే తీవ్రంగా తక్కువ బరువు అంటారు. మీ పిల్లల సగటు సున్నా రావాలన్న నియమం ఏదీ లేదు. రాకపోవడమే మీకు కావలసిన వార్త: ఆరోగ్యంగా ఎదిగిన పిల్లల కన్నా మీ కేంద్రం పిల్లలు ఎంత వెనకబడ్డారో అది చెబుతోంది. మీ పిల్లల సొంత సగటుతోనే జెడ్-స్కోర్లు కట్టి ఉంటే ఊరంతా ఆకలితో ఉన్నా సగటు సున్నాయే వచ్చేది.

మీ ప్రశ్న సర్వేలు చేసేవారికి కూడా పనికొస్తుంది. ఏటా ఒకే సర్వే చేసి, ఏ సంవత్సరం రేటింగులను ఆ సంవత్సరం సగటుతోనే జెడ్-స్కోర్లుగా మారుస్తున్నామని, మెరుగుదల ఎక్కడా కనబడడం లేదని ఇద్దరు పాఠకులు రాశారు. కర్నూలు పాఠకుడికి ఎదురైన సున్నాలే ఇవి. వారు చేయవలసింది అంగన్‌వాడీ చార్టు చేసినదే, అంటే ఒక సంవత్సరాన్ని ఆధారంగా ఎంచుకుని, దాని సగటు, ప్రామాణిక విచలనాలనే తరవాతి సంవత్సరాలకు కూడా వాడడం. ఆధార సంవత్సరంలో సగటు 3.5, ప్రామాణిక విచలనం 1.27 ఉండి, మరుసటి ఏడు సగటు 3.9కి పెరిగితే, ఆ ఏటి జెడ్-స్కోర్ల సగటు 0.31 వస్తుంది, మెరుగుదల కనబడుతుంది. రెండు సంవత్సరాల్లోనూ ప్రశ్న మాటలు, గడుల సంఖ్య, గడుల మీది పేర్లు అక్షరం మారకుండా ఉండాలి. మధ్యలో ఐదు గడుల స్కేలును పది గడులకు మార్చి ఉంటే పాత ఆధారం చెల్లదు, మార్చిన సంవత్సరం నుంచి కొత్త ఆధారం మొదలుపెట్టుకోవాలి.